తొమ్మిదేళ్లు ఉన్న ఊరిని మూడు రోజుల్లో ఎలా చూపించాలి?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాలో మక్తల్ దగ్గరి పల్లె. నా చిన్నతనంలో మా అమ్మానాన్నలు నన్ను అవ్వ దగ్గర వదిలి, మేస్త్రీ వెంట బొంబాయి పోయి తొమ్మిదేళ్లు బిల్డింగ్ పని చేశారు. నాన్న ఇప్పుడు లేరు. అమ్మకు 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. "బొంబైల తొమ్మిదేండ్లు ఉన్న గానీ సముద్రం సూడలే" అని మొన్న మనవరాలితో అన్నది. జనవరిలో సంక్రాంతి సెలవులకు అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు కలిసి వెళ్లాలనుకుంటున్నాం. శనివారం తెల్లవారుజామున దిగి సోమవారం రాత్రి తిరుగు ప్రయాణం. చూడవలసిన 22 స్థలాల జాబితాను జతచేశాను. ములుండ్‌లో అమ్మావాళ్లు పనిచేసిన బిల్డింగ్ కూడా ఆమెకు చూపించాలని ఉంది. ఏ రోజు ఏది చూడాలో చెప్పగలరు.

సమాధానం: మీ జాబితాను రెండుసార్లు చదివి, అందులో తొమ్మిదింటిని ఉంచి పదమూడింటిని కొట్టేశాను. కొట్టేయడానికి కారణాలు కూడా చెబుతాను, ఎందుకంటే కారణం మనసులో లేకపోతే అక్కడికి చేరాక ఎవరో ఒకరు "ఇంత దూరం వచ్చి అది చూడకపోతే ఎట్లా" అనగానే పదమూడూ మళ్లీ వచ్చి చేరతాయి.

మొదట ఊరి ఆకారం తెలుసుకోవాలి. హైదరాబాదు నాలుగు దిక్కులా పరుచుకున్న ఊరు. ముంబయి సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నని, పొడవాటి నేల. దక్షిణపు కొసన కొలాబా, గేట్‌వే ఆఫ్ ఇండియా ఉంటే, ఉత్తరాన ఒకవైపు బోరివలి, ఇంకొకవైపు ములుండ్ ఉంటాయి. లోకల్ రైళ్ల పట్టాలు కూడా ఆ పొడవు వెంబడే సాగుతాయి: పశ్చిమ లైను చర్చిగేట్ నుంచి, సెంట్రల్ లైను ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ నుంచి, అంటే అందరూ సీఎస్ఎంటీ అని పిలిచే స్టేషన్ నుంచి మొదలవుతాయి. మీరు మొదటి రోజుకు ఉదయం గేట్‌వే, మధ్యాహ్నం బోరివలి నేషనల్ పార్కు, సాయంత్రం మెరైన్ డ్రైవ్ అని రాసుకున్నారు. ఇది దక్షిణపు కొస నుంచి 30 కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి పోయి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావడం. ఈ తిరుగుడు మీరు తట్టుకోగలరేమో గాని మీ అమ్మగారి మోకాళ్లు తట్టుకోలేవు. రోజుకు ఊరిలో ఒక్క కొస మాత్రమే పెట్టుకోండి.

కొన్నేళ్ల కిందట నేను మా అమ్మానాన్నలను ఒక ట్రావెల్స్ వాళ్ల 'ముంబయి దర్శన్' బస్సు ఎక్కించాను. ఒక్క రోజులో పధ్నాలుగు స్థలాలు అన్నారు. వాటిలో తొమ్మిదింటిని బస్సు కిటికీలోంచే చూపించారు. దిగిన అయిదు చోట్లా మేము చూసినదానికంటే క్లీనర్ వేసిన ఈలే ఎక్కువ గుర్తుంది. సాయంత్రానికి మా నాన్న అడిగిన ప్రశ్న, "ఇప్పుడు చూసిన గుడి, పొద్దున చూసిన గుడి ఒకటేనా?" అని.

ఇక కొట్టేసినవాటి సంగతి. ఎస్సెల్ వరల్డ్ మూతపడింది. మీ జాబితా పాతదని దాన్ని బట్టే తెలుస్తోంది. ఫిల్మ్ సిటీలోకి నేరుగా పోనివ్వరు. సినిమా తారల ఇళ్లు నాలుగు రాశారు. అక్కడ కనిపించేవి గోడ, గేటు, గేటు ముందు మనలాగే నిలబడినవాళ్లు. నేషనల్ పార్కు, అందులోని కాన్హేరి గుహలు నిజంగా మంచివే, కాని వాటికి ఒక రోజంతా కావాలి. సిద్ధివినాయకుడి గుడిని తీసేసినందుకు మీ భార్య నన్ను తిట్టుకోవచ్చు. అక్కడి వరుసలో నిలబడే సమయానికి రెండు వేరే స్థలాలు వస్తాయని నా లెక్క. మిగిలినవి మాల్స్, తోటలు. వాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు.

తేదీలు ఖాయం చేసేముందు ఒక్క విషయం చూసుకోండి. ఏటా జనవరి మూడో ఆదివారం ముంబయి మారథాన్ పరుగు జరుగుతుంది, ఆ ఉదయం దక్షిణ ముంబయి రోడ్లు చాలావరకు మూసేస్తారు. మీరు ఉండబోయేది సరిగ్గా అక్కడే కాబట్టి ఆ ఆదివారం పడకుండా, పండుగకు ముందు వచ్చే శని, ఆది, సోమవారాలను ఎంచుకుంటే మంచిది.

ప్రయాణానికి మీరు బస్సు అనుకున్నట్లున్నారు. పాలమూరు నుంచి బొంబాయి బస్సుతో మనవాళ్లకున్న అనుబంధం నాకు తెలుసు, ఒక తరమంతా ఆ బస్సుల్లోనే పోయి ఆ బస్సుల్లోనే వచ్చింది. అయినా మోకాళ్ల నొప్పులున్న మనిషిని రాత్రంతా కాళ్లు ముడుచుకుని కూర్చోబెట్టవద్దు. హైదరాబాదు నాంపల్లి నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం బయలుదేరి మర్నాడు తెల్లవారుజామున సీఎస్ఎంటీకి చేరుతుంది. అది తాండూరులో ఆగుతుంది కాబట్టి మీరు హైదరాబాదు దాకా పోకుండా నారాయణపేట, కొడంగల్ మీదుగా తాండూరు చేరి అక్కడే ఎక్కవచ్చు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది; సంక్రాంతి రద్దీ గనుక తెరిచిన రోజే చేయించండి.

టికెట్ దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పెద్దవాళ్లకు కింది బెర్తు ఇచ్చే కోటా 60 ఏళ్లు దాటిన మగవారికి, 45 ఏళ్లు దాటిన ఆడవారికి వర్తిస్తుంది గాని, ఆ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడే వర్తిస్తుంది. అయిదుగురినీ ఒకే టికెట్‌లో రాస్తే మీ అమ్మగారు ఆ కోటాలోకి రారు. ఆమెకు ఆ కోటాలో విడిగా, మీ నలుగురికి విడిగా తీసుకుని, బోగీలు వేరైతే రైలెక్కాక సర్దుకోండి. పెద్దవాళ్లకు ఉండే ఛార్జీల రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

బసకు ఎక్కువ ఖర్చయినా సీఎస్ఎంటీ, ఫోర్ట్ చుట్టుపక్కల లాడ్జిలోనే దిగమంటాను. ఉత్తరాన గది చవకగా దొరుకుతుంది నిజమే, కాని ముంబయిలో పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా జనమంతా దక్షిణానికి వస్తారు, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా ఉత్తరానికి పోతారు. ఉత్తరాన దిగినవాడు రోజూ రెండు పూటలా ఆ జనంతో పాటే ప్రయాణం చేయాలి. దక్షిణాన దిగినవాడు ఎప్పుడు కదిలినా వాళ్లకు ఎదురు దిక్కున పోతాడు, కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. లాడ్జి గది సాధారణంగా మధ్యాహ్నానికి గాని ఇవ్వరు గనుక, స్నానాలకు స్టేషన్‌లోని రిటైరింగ్ రూమును మీ టికెట్ పీఎన్‌ఆర్ నంబరుతో ముందే తీసుకోవడానికి ప్రయత్నించండి. దొరకకపోతే సామాను క్లోక్‌రూములో పెట్టి వెయిటింగ్ హాలులో తయారుకండి.

శనివారం మీరు రైలు దిగిన చోటే మీరు చూడవలసిన మొదటి స్థలం. సీఎస్ఎంటీ భవనాన్ని స్టీవెన్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రూపకల్పన చేశాడు. పని 1878లో మొదలైంది. యునెస్కో 2004లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోపల రైళ్ల వైపు నుంచి చూస్తే దాని సంగతి తెలియదు, బయటికి వచ్చి రోడ్డు దాటి వెనక్కి తిరిగి చూడాలి. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఒకవైపు పులి కూర్చుని ఉంటాయి: సింహం బ్రిటన్‌కు, పులి మన దేశానికి గుర్తులు. గోడల మీద జంతువుల బొమ్మలు ఎన్నో ఉంటాయి. అవి వెతికి లెక్కపెట్టమంటే పిల్లలకు గంటసేపు పని దొరుకుతుంది, మీ అమ్మగారికి ఆ గంటసేపు కూర్చునే అవకాశం దొరుకుతుంది. రాత్రి దీపాలు వెలిగించాక ఇంకొకసారి చూడండి.

మధ్యాహ్నం గదిలో పడుకుని లేచి, నాలుగున్నరకు టాక్సీలో ఓవల్ మైదానం దగ్గర దిగండి. మైదానం అంచున విశ్వవిద్యాలయం ఆవరణలో రాజాబాయి గడియార స్తంభం కనిపిస్తుంది. 280 అడుగుల ఎత్తున్న ఆ స్తంభం 1878లో పూర్తయింది. దానికి డబ్బిచ్చిన వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ దానికి తన తల్లి పేరు పెట్టాలన్నాడు. ఆమెకు చూపు లేదని, జైనుల ఆచారం ప్రకారం పొద్దు గూకక ముందే భోంచేయాలి గనుక ఆ గంటలు విని వేళ తెలుసుకునేదని చెప్పుకుంటారు. మీ అమ్మగారిని తీసుకువెళ్తున్నారు గనుక ఈ స్తంభాన్ని నేను కొట్టేయలేదు.

అక్కడి నుంచి మెరైన్ డ్రైవ్ దగ్గరే. అయిదున్నరకల్లా చేరండి. జనవరి మధ్యలో ముంబయిలో సూర్యాస్తమయం సుమారు ఆరూ ఇరవైకి అవుతుంది, మక్తల్‌లో కంటే దాదాపు పావుగంట ఆలస్యంగా. ఊరి లెక్కన తొందరపడనవసరం లేదు. సముద్రం వైపు పొడవునా వెడల్పాటి సిమెంటు గట్టు ఉంటుంది, దాని మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. గట్టుకు అవతల అలల దెబ్బ ఆపడానికి నాలుగు కాళ్ల సిమెంటు దిమ్మెలు గుట్టలుగా పోసి ఉంటాయి. నాచు పట్టి జారుతాయి, పిల్లలను వాటి మీదికి దిగనివ్వకండి. నీళ్లలో కాలు పెట్టాలని అమ్మగారికి అనిపిస్తే, గట్టు వెంట ఉత్తరానికి పోతే గిర్గావ్ చౌపాటీ ఇసుక తీరం వస్తుంది. అక్కడి నీళ్లు స్నానానికి పనికిరావు గాని పాదాలు తడుపుకోవడానికి ఏమీ కాదు. ఆ సాయంత్రానికి ఇంకేమీ పెట్టుకోకండి. చీకటి పడ్డాక వంపు తిరిగిన రోడ్డు వెంట దీపాలు వెలుగుతాయి, దాన్నే రాణిగారి హారం అంటారు. అది కూర్చున్న చోటి నుంచే కనబడుతుంది.

ఆటోల గురించి ఇక్కడే చెబుతాను. బాంద్రా, సయన్‌లకు దక్షిణాన ఆటోలను రానివ్వరు, నలుపు పసుపు టాక్సీలే తిరుగుతాయి. అవి మీటరు మీద నడుస్తాయి, 2025 ఫిబ్రవరి నుంచి కనీస ఛార్జీ 31 రూపాయలు. టాక్సీలో నలుగురికే చోటు కాబట్టి మీ అయిదుగురి సంగతి ఎక్కేముందే డ్రైవరుతో తేల్చుకోండి.

మీరు సోమవారానికి పెట్టుకున్న ఎలిఫెంటా దీవి గుహలను ఆదివారానికి మార్చాను, సోమవారం ఆ గుహలు మూసి ఉంటాయి. ఆదివారం జనం ఎక్కువే. అందుకే తొమ్మిది ప్రాంతంలో గేట్‌వే దగ్గర బయలుదేరే మొదటి పడవల్లోనే ఎక్కాలి. ఎనిమిదిన్నరకు అక్కడ ఉంటే, పడవకు ముందు గేట్‌వేను తీరిగ్గా చూసుకోవచ్చు. అయిదో జార్జి రాజు 1911లో ఇక్కడ దిగినందుకు గుర్తుగా కట్టాలనుకున్న ఆ ద్వారం 1924లో గాని పూర్తి కాలేదు. 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిష్ పటాలం దాని కిందినుంచే ఓడ ఎక్కి వెళ్లిపోయింది.

పడవ ప్రయాణం గంట. 2024 డిసెంబరు 18న ఎలిఫెంటాకు పోతున్న ఒక పడవను నౌకాదళం వేగపడవ ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. ఆ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. లైఫ్ జాకెట్ ఇచ్చినప్పుడు "ఉక్కపోస్తోంది" అని విప్పి పక్కన పెట్టకుండా, పిల్లలకు, అమ్మగారికి మీరే బిగించి కట్టాలని చెబుతున్నాను. దీవి రేవు నుంచి మెట్ల దాకా చిన్న రైలు బండి తిరుగుతుంది, అది తప్పక ఎక్కండి. ఆ తరువాత 120 దాకా మెట్లున్నాయి. వెడల్పుగా, రెండువైపులా దుకాణాలతో, పైన కప్పుతో ఉంటాయి కనుక పది మెట్లకొకసారి ఆగవచ్చు. ఎక్కలేనంటే కుర్చీలో మోసుకుపోయే డోలీవాళ్లు ఉంటారు, బేరం కింద ఉన్నప్పుడే మాట్లాడుకోండి. చేతిలో తినుబండారం, నీళ్ల సీసా కనబడితే కోతులు లాక్కుంటాయి, సంచిలో పెట్టుకోవాలి.

పైన పెద్ద గుహ ఒక్కటి చూస్తే చాలు, మిగతావాటికి తిప్పి అలసిపోవద్దు. లోపలికి పోగానే చీకటి అలవాటయ్యేదాకా నిలబడండి. ఎదురుగా గోడలో మూడు ముఖాల శివుడు దాదాపు 18 అడుగుల ఎత్తున ఉంటాడు: మధ్యలో కళ్లు మూసుకున్న ముఖం, ఒకవైపు ఉగ్రరూపం, ఒకవైపు స్త్రీ రూపం. అటూ ఇటూ గోడలకు అర్ధనారీశ్వరుడు, జటలో గంగను పట్టిన శివుడు, కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, పార్వతీ కల్యాణం ఉన్నాయి. స్తంభాలు నిలబెట్టినవి కావు. కొండను లోపలికి తొలుచుకుంటూ పోయి, స్తంభం ఉండవలసిన చోట రాయిని వదిలేశారు. తొమ్మిదేళ్లు తట్టలో సిమెంటు మోసిన మనిషికి ఈ విషయం మనకంటే త్వరగా అర్థమవుతుంది. స్తంభం మొదలు నేలలో ఎక్కడ కలుస్తుందో ఆమెకు చూపించండి.

ఒంటిగంటన్నరకల్లా తిరిగి గేట్‌వే దగ్గర ఉంటారు. అమ్మగారు గదికి వెళ్లి పడుకుంటే, మీలో ఒకరు పిల్లలను పక్కనే ఉన్న ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయానికి తీసుకువెళ్లవచ్చు. ఆదివారాలు లోకల్ లైన్లకు మరమ్మతులు చేస్తారు, దాన్ని 'మెగా బ్లాక్' అంటారు. కొన్ని రైళ్లు రద్దవుతాయి, కొన్ని దారి మారతాయి. ఆదివారం మీకు లోకల్ అవసరం పడకుండా ఏర్పాటు చేయడంలో ఉద్దేశం అదే. భోజనానికి జొన్నరొట్టె కావాలంటే మరాఠీ భోజనశాలల్లో 'జ్వారీ భాకరీ' అని అడగండి. మన రొట్టె కంటే కాస్త మందం, పక్కన పచ్చిమిర్చి ఠేచా పెడతారు. అమ్మగారికి ఈ పేర్లు మీకంటే బాగా తెలిసే ఉంటాయి.

సోమవారం గురించి నాకొక సందేహం ఉంది. ములుండ్ బిల్డింగ్ చూపించాలని మీకు ఉన్నట్లు రాశారు. చూడాలని ఆమె అన్నట్లు ఎక్కడా రాయలేదు. ఆమె అడిగింది సముద్రం. పని చేసిన చోటు కొందరికి గర్వం, కొందరికి మరచిపోదామనుకున్న సంగతి. పైగా మీ నాన్నగారు తోడున్న రోజుల చోటు. ఆమెను ఆశ్చర్యపరచాలని చెప్పకుండా తీసుకుపోవద్దు. ఇంట్లో, బయలుదేరడానికి చాలా ముందే, ఒక్కసారి అడగండి. "నీ ఇష్టం బిడ్డా" అంటే అది ఒప్పుకోవడం కింద లెక్కవేయకండి.

పోదామంటే మాత్రం వివరాలు ఇక్కడినుంచే పట్టుకుపోవాలి. ముంబయిలో ప్రతి స్టేషన్‌కూ ఈస్ట్, వెస్ట్ అని రెండు వైపులుంటాయి, పట్టాలకు ఏ వైపో తెలియకపోతే సగం రోజు పోతుంది. ఏ వైపు, దగ్గరలో ఏ గుడి, ఏ కంపెనీ గోడ, కూలీలు పొద్దున నిలబడే నాకా ఏది, ఇవన్నీ అమ్మగారిని, అప్పుడు అదే గుంపులో పోయిన మీ ఊరివాళ్లను అడిగి రాసుకోండి. పాత బిల్డింగులు కూల్చి కొత్తవి కట్టడం అక్కడ నిత్యం జరిగే పని, ఆ బిల్డింగ్ ఉండకపోవచ్చు. ఉన్నా వాచ్‌మన్ లోపలికి పోనివ్వకపోవచ్చు. రోడ్డు మీద నిలబడి చూసి రావడానికి సిద్ధపడి వెళ్లండి.

గది ఖాళీ చేసి సామాను సీఎస్ఎంటీ క్లోక్‌రూములో పెట్టి, పదిగంటల ప్రాంతంలో అక్కడే ఠాణే, కల్యాణ్ వైపు లోకల్ ఎక్కితే ముప్పావు గంట నుంచి గంటలో ములుండ్. అందరూ ఎదురువైపు నుంచి వస్తుంటారు గనుక మీకు సీటు దొరుకుతుంది. దేశంలో ప్రయాణికుల మొదటి రైలు 1853 ఏప్రిల్ 16న ఇప్పటి సీఎస్ఎంటీ పక్కనున్న బోరీబందర్ నుంచి ఠాణే దాకా, 34 కిలోమీటర్లు, నడిచింది ఈ దారిలోనే. ములుండ్ ఠాణేకు ముందు స్టేషన్. ప్లాట్‌ఫారం మీది సూచికలో 'ఎఫ్' అంటే ఫాస్ట్, అన్ని చోట్లా ఆగదు. 'ఎస్' అంటే స్లో. మీరు స్లో ఎక్కండి, పది నిమిషాలు ఆలస్యమైనా దిగవలసిన చోటు దాటిపోదు. బండి స్టేషన్‌లో ఆగేది అర నిమిషం లోపే. ఆడవాళ్లు లేడీస్ డబ్బాలో, మీరు జనరల్‌లో విడిపోకుండా అందరూ ఒకే డబ్బాలో ఎక్కండి. మా ఇంటావిడ ఒకసారి దాదర్‌లో దిగింది, నేను దిగలేకపోయాను, గంటన్నర ఒకరినొకరం వెతుక్కున్నాం. పొరపాటున విడిపోతే, కింద మిగిలినవాళ్లు ఆ ప్లాట్‌ఫారం మీదే ఉండాలి, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రావాలి; ఈ మాట పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచండి.

తిరిగి వచ్చేటప్పుడు భాయ్‌ఖళాలో దిగి టాక్సీలో మహాలక్ష్మి గుడికి పోవచ్చు. గుడి వెనకే సముద్రం. దగ్గరలోనే నీళ్ల మధ్య హాజీ అలీ దర్గా ఉంది. దానికి పోయే దారి పోటు వేళ నీటిలో మునుగుతుంది. పోటు వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి కాబట్టి, ఆ రోజు వేళలు ఫోనులో చూసుకుని, దాన్ని బట్టి ముందు గుడా, ముందు దర్గానా అన్నది నిర్ణయించుకోండి.

ములుండ్ వద్దని అమ్మగారు అంటే గుడి, దర్గా పొద్దునే ముగించుకుని, సాయంత్రం నుంచి రైలు వేళ దాకా ఆమెను మళ్లీ మెరైన్ డ్రైవ్ గట్టు మీద కూర్చోబెట్టండి. శనివారం చూసిందే కదా అని మీకు అనిపించవచ్చు. ఎంతసేపు కూర్చోవాలో ఈసారి ఆమెనే చెప్పనివ్వండి.